ఊరంతా ఒకే పుస్తకం: కాపీలు ఆగిపోకుండా తిప్పడం ఎట్లా

అందరికీ నమస్కారం. ఊరంతా కలిసి ఒకే పుస్తకం చదవడం. 1998లో అమెరికాలో సియాటిల్ లైబ్రరీ వాళ్లు మొదలుపెట్టినారు. కడపలో ఎట్లా నడపాలో చూద్దాం.

గ్రంథాలయ వారోత్సవాలు ఎట్లాగూ నవంబర్ 14 నుంచి 20 దాకా కదా, ఆ పుస్తకం మీద అందరూ కూర్చుని మాట్లాడుకునే గోష్ఠి ఆ వారంలోనే. అక్కడినుంచి 60 రోజులు వెనక్కి పోతే సెప్టెంబర్ 15. ఆ రోజు కాపీలు చేతుల్లో పడాలి.

పుస్తకం 200 పేజీల లోపు, ఇప్పుడు అంగట్లో దొరికేది. 40 కాపీలు ప్రచురణకర్తనే అడగండి, తగ్గింపు మాట్లాడుకోండి. జిరాక్సులు వద్దే వద్దు. సరే, ఇది అయిపోయింది.

ఇప్పుడు షీటు, అంటే ఏ కాపీ ఎవరి దగ్గరుందో కంప్యూటర్‌లో రాసుకునే పట్టిక. ఇక్కడ నిదానం. 40 కాపీలు, మనిషికి 10 రోజులు, ఆరు విడతలు, 240 మంది. కాగితం మీద బాగుంటుంది, జరగదు. చదవడం అయిపోయిన పుస్తకం టీవీ పక్కనే ఉండిపోతుంది, ఎవరికివ్వాలో తెలీక. మనిషికి 15 రోజులు వేయండి. నాలుగు విడతలు, 160 మంది. అంతమందికే పేర్లు రాసుకోండి.

ఇదిగో, అట్ట లోపల చీటీ, దగ్గరగా చూడండి. కాపీ నంబరు 17. నాలుగు గళ్లు, నాలుగు పేర్లు, నలుగురిదీ ఒకే వీధి. మారుతీనగర్ కాపీ మారుతీనగర్‌లోనే తిరగాల. ఏడు రోడ్లు దాటి ఇచ్చిరమ్మంటే ఎవరూ పోరు. నాలుగు పేర్లూ మొదటి రోజే రాయాల, మళ్లీ చెప్తున్నా, మొదటి రోజే. గడి ఖాళీగా వదిలితే కాపీ అక్కడే ఆగిపోతుంది. ఫోన్ నంబర్లు చీటీ మీద వద్దు, షీటులోనే. షీటులో తేదీకి కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కండి, పడిపోయింది చూడండి. పన్నెండో రోజు ఒక ఫోన్ చేయండి. గ్రూపులో మెసేజ్ ఎవరూ పట్టించుకోరు, ఫోనే మేలు.

చర్చకు పేజీ నంబరు చెప్పొద్దు, అధ్యాయం చెప్పండి. ఇంట్లో పాత ముద్రణ ఉన్నవాళ్లకు పేజీలు కలవవు.

హాలు కోసం ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయంలో అడిగి చూడండి. రాతప్రతులు సేకరించి పండితులతో సరిచేయించిన బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటు అది, ఇట్లాంటి పనికి అంతకంటే మంచి చోటు లేదు.

చదవలేని పెద్దవాళ్లకు వారానికొక అధ్యాయం అరుగు మీద కూర్చుని చదివి వినిపించండి, 40 నిమిషాలు దాటకుండా. గోష్ఠి రోజు మైకు ముందుగా వాళ్ల చేతికివ్వండి. షీటు నమూనా కింద పెట్టినా, తీసుకోండి.