పట్టాల మీద నడిచే చిన్న కోత మిషన్ రివ్యూ: కొబ్బరి దుంగ దగ్గరే అసలు పరీక్ష

అందరికీ నమస్కారమండి. వెనకాల కనిపిస్తోంది చూడండి, ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే. పట్టాల మీద తోసుకుంటూ దుంగ కోసే చిన్న బ్యాండ్ సా, అంటే రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే రంపం. పెట్రోలు ఇంజను 390 సీసీ, 13 హెచ్‌పీ. బ్లేడు తిరిగే ఆ చక్రాలు 19 అంగుళాలు. బ్లేడు వెడల్పు 32 మిల్లీమీటర్లు, మందం 1.1. అటూ ఇటూగా ఇవే కొలతలతో చాలా కంపెనీలు చేస్తున్నాయి, కాబట్టి పేరు జోలికి పోకుండా ఈ రకం మిషన్ మన డెల్టాలో పనికొస్తుందా లేదా అన్నదే చూద్దాం.

టౌన్లో సామిల్లు చూసే ఉంటారు. అక్కడ రంపం ఒకచోట నిలబడి ఉంటుంది, దుంగని దాని మీదికి తోస్తారు. ఇందులో దుంగ కదలదు, రంపమే దాని మీదుగా వెళ్తుంది. కోనసీమలో దీనికి విలువ ఎక్కడంటే, చెట్టు పడేది కాలవ అవతల తోటలో. అక్కడికి లారీ రాదు. మాను బయటికి లాగించిన కూలి కలప ఖరీదుని మింగేస్తుంది. ఈ మిషన్ అయితే విప్పి ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని చెట్టు దగ్గరికే వెళ్లిపోవచ్చు.

చెయిన్ సాతోనే పలకలు తీసేస్తున్నారు కదా అంటారు. తీస్తున్నారండి, కాదనను. కానీ పొట్టు కింద పోయేది చూడండి. చెయిన్ సా గాటు 8 మిల్లీమీటర్లు, ఈ బ్లేడుది 2. అడుగు మందం, అంటే 300 మిల్లీమీటర్ల దిమ్మ నుంచి అంగుళం పలకలు తీస్తే ఇందులో 11 వస్తాయి, చెయిన్ సాతో 9. టేకులో రెండు పలకలంటే చిన్న మాట కాదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ మిషన్ని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది మిషన్ని కాదు, నేలని తిట్టుకోవాలి. మనది ఒండ్రు మట్టి. పక్క చేలో నీళ్లు పెడితే చాలు, ఇక్కడ పట్టా కుంగుతుంది. కుంగిన సంగతి వెంటనే తెలీదు, అదీ చిక్కు. పట్టా నడుమ కుంగితే మొదట్లో తీసే పలకలన్నీ ఒకే మందంగా వస్తాయి, ఎందుకంటే కింది కోతా పై కోతా ఒకేలా వంగుతున్నాయి. దుంగని తిరగేసి కోసుకుంటూ చివరి పలక దాకా వచ్చాక బయటపడుతుంది: రెండు కొనలూ లావు, నడుమ సన్నం. అది చూసి బ్లేడు మార్చేస్తారు, ఆ తర్వాత బ్లేడు పక్కకి పోకుండా పట్టే రోలర్లు మార్చేస్తారు, డబ్బులు తగలేస్తారు. ముందు మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో పట్టాల లెవెల్ చూడండి. మూడేసి అడుగులకి ఒక తాడి మొద్దు అడ్డంగా వేసి, దాని మీద పట్టా కూర్చోబెట్టండి. వాన పడిన మర్నాడు మళ్లీ చూసుకోవాలి.

బ్లేడు సంగతి. కొంచెం దగ్గరికి తీసుకురా కెమెరా. ఈ పంటి కొన చూడండి. ఎండకి పట్టుకుంటే కొన మీద సన్నగా తళుక్కుమంటోంది కదా, అంటే మొండిబారిందన్నమాట. పదునున్న కొన మీద వెలుతురు నిలవదు. ఇలాంటి బ్లేడుతో కోస్తే పలక మీద అలలొస్తాయి. అలలకి ఇంకా కారణాలున్నాయి: బ్లేడు బిగింపు చాలకపోవడం, అటొకటి ఇటొకటి వంచిన పళ్ల వంపు అరిగిపోవడం, తోసేవాడు ఆత్రపడటం. అయితే పదిసార్లలో ఏడెనిమిది సార్లు పదునే. పని అయ్యాక బిగింపు వదలకుండా ఇంటికెళ్లిపోవడం ఇంకో తప్పు. చక్రం మీది రబ్బరు బెల్టు బ్లేడు ఒత్తిన చోట చదునైపోతుంది, మర్నాడు మిషన్ గడగడలాడుతుంది. బ్లేడు మీద పడే నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రెండు చుక్కలు వేస్తే జిగురు పట్టదు.

ఇక కొబ్బరి. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో చెట్లు లక్షల్లో పడిపోయాయి. ప్రతి గాలివానకీ ఇంకా పడుతూనే ఉంటాయి. అందుకే ఇక్కడ కోత మిషన్ కొనేవాడు టేకు చూసి కాదు, కొబ్బరి చూసి లెక్కేసుకోవాలి. మిగతా మానుల్లో చేవ లోపల ఉంటుంది, కొబ్బరిలో గట్టిదనమంతా బయట. బయటి పొర ఘనపు మీటరుకి 600 కిలోలు దాటుతుంది, నడుమ గుజ్జు 400 కూడా ఉండదు. ఇదిగో, మొదలు 12 అంగుళాలుంది. గోరుతో నొక్కుతున్నా... ఇక్కడ దిగలేదు, ఇక్కడా లేదు, రెండంగుళాలు లోపలికి వచ్చేసరికి దిగిపోయింది. అంటే బయటి రెండంగుళాలే పలక.

కాబట్టి దీన్ని పైనుంచి కింది దాకా వరసగా కోసుకుంటూ పోకూడదు. పై చెక్కు తీసేసి ఒకటో రెండో పలకలు తీయాలి. దుంగని తిరగేసి అటునుంచీ అంతే. తర్వాత పక్కకి దొర్లించి మిగిలిన రెండు వైపులా తీయాలి. నడుమ మిగిలే దిమ్మ పొయ్యిలోకి. చెట్టు పై మూడో వంతు అసలు మిషన్ ఎక్కించొద్దు, దండగ. మామూలు స్టీలు బ్లేడు మామిడిలో పూటంతా నడిస్తే, కొబ్బరి గట్టి పొరలో గంటా గంటన్నరకే చేతులెత్తేస్తుంది. గట్టి లోహం మొన అతికించిన బ్లేడు ఖరీదెక్కువే, కానీ కొబ్బరి కోసేవాళ్లకి తప్పదు. ఇంకోటి, పెరటి చెట్లలో మేకులుంటాయి. దండెం కట్టినవి, కరెంటు వైరు లాగినవి, బోర్డు కొట్టినవి. బెరడు కింద నల్లటి మరక కనిపిస్తే అక్కడ ఇనుము ఉందని అనుమానించండి. బురదలో ఈడ్చుకొచ్చిన దుంగనైతే కడిగే ఎక్కించాలి. బెరడులో ఇసక ఉంటే మొదటి కోతలోనే పదును పోతుంది.

మామిడి, నిద్రగన్నేరు హాయిగా తెగుతాయి. 13 హెచ్‌పీకి 24 అంగుళాల నిద్రగన్నేరు కాస్త బరువే, మెల్లగా తొయ్యాలి. మామిడితో చిక్కు కోత కాదు, కోశాక. మన తేమకి రెండు మూడు రోజుల్లో నీలం మచ్చలు, ఆ తర్వాత పురుగు. పురుగు పట్టకుండా కోసిన రోజే మందు పెట్టాలి: 20 లీటర్ల నీళ్లకి బోరాక్స్ 600 గ్రాములు, బోరిక్ యాసిడ్ 400 గ్రాములు. ముంచి తీసి, మధ్యలో ఒకే మందం బద్దలు పెట్టి, నీడన గాలాడేలా పేర్చండి. మచ్చకి విరుగుడు ఆ గాలే. బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి నిట్టనిలువు వరసలో ఉండాలి, లేకపోతే పలకలు మెలిక పడతాయి.

పెట్రోలు ఫుల్లు లోడు మీద గంటకి మూడున్నర లీటర్లు తాగుతుంది. ఏడాదికి అయిదారు చెట్లు పడే రైతు ఇది కొనక్కర్లేదు, అద్దెకి పిలిపించుకుంటే సరి. కొని నలుగురికీ కోసిపెడదాం అనుకుంటే మాత్రం అడ్వాన్సు ఇవ్వకముందే అటవీశాఖ ఆఫీసుకి వెళ్లండి. సామిల్లులకి 1969 నుంచీ లైసెన్సు నిబంధనలున్నాయి, చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, వేరే ఉంది. చిన్న మిషనే కదా అని అమ్మేవాడు చెప్పే మాట మీద ఉండొద్దు.

చివరగా, ఆ మూల పొట్టు గుట్ట చూపించు. కోత అయ్యాక చాలామంది కొబ్బరి పొట్టూ, మెత్తటి దిమ్మలూ తోటలోనే వదిలేస్తారు. కుళ్లిన కొబ్బరి మానులోనూ, మాగిన పొట్టులోనూ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు అందులోనే పెరిగి, రెక్కలొచ్చాక ఎగిరి పక్క చెట్టు మొవ్వులోకి దూరతాయి. దిమ్మల్ని చీల్చి ఎండబెట్టి పొయ్యిలోకి వాడెయ్యండి. పొట్టుని బస్తాలకెత్తి ఇటుక బట్టీకి పంపండి, లేదా పలచగా ఆరబోయండి. మిషన్ పట్టాలు విప్పేది ఆ గుట్ట లేచాకే.