గంటా ఓడిపోలేదు... ఓడించే ఛాన్స్ ఎవరికీ ఇవ్వలేదు!

ఓటమి తెలియని నాయకుడట! మొన్నటి నుంచి నా కామెంట్ బాక్సంతా ఇదే గోల. "అన్నా, విశాఖ టీడీపీ లీడర్ గంటా శ్రీనివాసరావు 1999 నుంచి ఆరు ఎన్నికల్లో నిలబడ్డారు, ఆరూ గెలిచారు. ఆయన మీద వీడియో చేసే దమ్ముందా?" అని. ఉంది తమ్ముడూ. కుర్చీ లాక్కుని కూర్చో.

నేను చెప్పేది ఒక్కటే. గంటా గారిని ఓడించే అవకాశం ఏ ఊరికీ రాలేదు. గెలిపించిన ఊరు లెక్క అడిగే టైముకి ఆయన పక్క ఊళ్లో నామినేషన్ వేస్తుంటారు.

ఇదిగో, నా వెనక బోర్డు చూడండి. మార్కర్ సరిగ్గా పడటం లేదు, సర్దుకోండి. 1999, అనకాపల్లి ఎంపీ, టీడీపీ. 2004, చోడవరం ఎమ్మెల్యే, టీడీపీ. 2009, అనకాపల్లి ఎమ్మెల్యే, ప్రజారాజ్యం. 2014, భీమిలి, మళ్లీ టీడీపీ. 2019, విశాఖ ఉత్తరం. 2024, తిరిగి భీమిలి. వరుసగా రెండు ఎన్నికల్లో ఒకే సీటు కనిపిస్తోందా? వేలు పెట్టి వెతకండి. కనిపించదు!

పార్టీలు మారారని తిట్టడం నాకిష్టం లేదు. ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసింది, ఈయనా కలిశారు, 2012లో కిరణ్ కుమార్ రెడ్డి కేబినెట్‌లో మంత్రయ్యారు. 2014లో చంద్రబాబు కేబినెట్‌లో మానవ వనరుల మంత్రి. అదే కేబినెట్‌లో ఆయన వియ్యంకుడు, కార్పొరేట్ కాలేజీల నారాయణ గారు మున్సిపల్ మంత్రి. విద్యాశాఖ ఒక ఇంట్లో, కాలేజీలు వియ్యాలవారింట్లో అని అప్పట్లో ఎన్ని సెటైర్లు పేలాయో గుర్తుందా? సరే, అదో పెద్ద కథ, ఇంకోరోజు.

జెండా మార్చేవాళ్లు వీధికొకరున్నారు. ఎక్కడో ప్రకాశం జిల్లాలో పుట్టి, విశాఖకు వచ్చి, ఐదేళ్లకోసారి కొత్త సీటులో దిగి గెలవడం మాత్రం మామూలు విద్య కాదు. నేనూ ఒప్పుకుంటా. 2009లో అనకాపల్లిలో ఎవరిని ఓడించారు? వైఎస్ కేబినెట్‌లో మంత్రిగా చేసిన కొణతాల రామకృష్ణని. కానీ అద్దె ఇంటివాడి తెలివి ఇది. గోడకి చెమ్మ కనపడగానే ఇల్లు మారిపోతాడు. ఓనరు తిట్లన్నీ ఆ తర్వాత దిగినవాడికి!

నమ్మరా? భీమిలి చూడండి. ఐదేళ్లు మంత్రిగా ఉన్న నియోజకవర్గం. 2019లో ధైర్యంగా అక్కడే నిలబడొచ్చు కదా? లేదు, విశాఖ ఉత్తరానికి వెళ్లిపోయారు. భీమిలిలో టీడీపీ తరఫున సబ్బం హరి గారు నిలబడ్డారు, అవంతి శ్రీనివాస్ చేతిలో ఓడిపోయారు. చెమ్మ గంటా గారిది, తిట్లు సబ్బం హరి గారికి. అవంతి గెలిచి జగన్ దగ్గర మంత్రయ్యారు. ఈ అవంతి ఎవరనుకున్నారు? 2009లో భీమిలి ప్రజారాజ్యం ఎమ్మెల్యే! 2014లో గంటా గారు భీమిలికి వస్తే ఆయన అనకాపల్లి ఎంపీగా వెళ్లారు. మ్యూజిక్ ఆగగానే కుర్చీ పట్టుకునే ఆట ఉంటుంది చూడండి, అచ్చం అదే.

"అన్నా, ఆయన వదిలేసిన చోడవరంలో 2009లో మళ్లీ టీడీపీయే గెలిచింది కదా" అని ఒక మేధావి కింద రాస్తాడు. రాయి నాయనా, పిన్ చేస్తా. నా థియరీ దాంతో కూలదు.

ఎందుకంటే అసలు పాయింట్ ఇప్పుడొస్తోంది. 2019లో విశాఖ ఉత్తరంలో మెజారిటీ ఎంత? 1,944 ఓట్లు. నాలుగు అపార్ట్‌మెంట్లవాళ్లు అటు తిరిగి ఉంటే కథ కంచికే! రాష్ట్రంలో టీడీపీకి 23 సీట్లే వచ్చిన ఏడాది, అందులో ఈయనొకరు. 2021 ఫిబ్రవరిలో స్టీల్ ప్లాంట్‌ని కేంద్రం ప్రైవేటుకి ఇస్తోందని ఊరంతా రోడ్డెక్కింది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. గంటా గారు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. చప్పట్లు కొట్టాల్సిందే, నేనూ కొట్టా.

మరి రాజీనామా ఆమోదిస్తే ఏమయ్యేది? ఉప ఎన్నిక! అదే సీటు, అదే ఓటరు, రెండోసారి! ఆయన పొలిటికల్ కెరీర్‌లో ఎన్నడూ రాయని పరీక్ష. స్పీకర్ తమ్మినేని సీతారాం గారు ఏం చేశారు? ఆ కాగితాన్ని దాదాపు మూడేళ్లు దగ్గర పెట్టుకుని 2024 జనవరిలో ఆమోదించారు. అప్పటికి అసలు ఎన్నికలే గుమ్మంలో ఉన్నాయి, ఇంక ఉప ఎన్నికెక్కడిది? ప్రత్యర్థి పార్టీ స్పీకరే ఈయన్ని ఆ పరీక్ష నుంచి తప్పించారు. అదృష్టం అంటే ఇది కాకపోతే ఇంకేంటండీ!

2024లో విశాఖ ఉత్తరం పొత్తులో బీజేపీకి వెళ్లింది. చీపురుపల్లి వెళ్లి వైసీపీ నేత బొత్స సత్యనారాయణ మీద పోటీ చేయమని పార్టీ అడిగిందని గంటా గారే మీడియాకు చెప్పారు. వెళ్లలేదు. కళా వెంకట్రావు గారు వెళ్లారు, బొత్సని ఓడించారు! ఈయన భీమిలిలో దిగి అవంతి మీద 92 వేల పైచిలుకు మెజారిటీ కొట్టారు. కానీ కేబినెట్ లిస్టులో పేరు లేదు. వియ్యంకుడు నారాయణ గారి పేరు మాత్రం ఉంది. పాపం, బొత్సని ఓడించిన కళా గారికీ పదవి రాలేదు, కాబట్టి చీపురుపల్లి వెళ్లి ఉంటే మంత్రి అయ్యేవారని మాత్రం నేను అనను.

ఇక 2029. భీమిలి ఎమ్మెల్యేగా ఉండి అదే భీమిలిలో మళ్లీ నామినేషన్ వేస్తే, ఇదే కెమెరా ముందు ఈ బోర్డు నా చేత్తో తుడిచేస్తా. అప్పటిదాకా కింద ఖాళీగా ఒక లైను వదిలిపెడుతున్నా. ఏ సీటు రాయాలో కామెంట్‌లో చెప్పండి. గాజువాక అని ఇప్పటికే పదిమంది అన్నారు.