దంచితేనే పుట్టే ఘాటు

సభకు నమస్కారం.

వెల్లుల్లిలో అల్లిసిన్ అనే ఘాటు పదార్థం ఉందనీ, ఆవాలలో ఘాటు నూనె ఉందనీ ఆరోగ్య శీర్షికల్లోనూ ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ మీరు చదివే ఉంటారు. చెక్కుచెదరని వెల్లుల్లి రెబ్బలో అల్లిసిన్ దాదాపు ఉండదు. ఆవగింజలో ఆ ఘాటు నూనె కూడా ఉండదు. అనుమానముంటే ఇంటికి వెళ్ళాక ఒక ఆవగింజను నాలుక మీద పెట్టుకుని ఊరకే ఉండండి. ఏమీ తెలియదు. కొరికి నమలండి. మొదట కాస్త చేదు, ఒకటి రెండు క్షణాలు గడిచాక ఘాటు. ఆ కాస్త ఆలస్యంలో ఏం జరిగిందన్నదే ఇవాళ నేను మాట్లాడబోయే విషయం.

ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. గంధకమూ నత్రజనీ ఉన్న ఒక ముక్కకు గ్లూకోజ్ అతుక్కుంటే వచ్చేది ఇది. రుచి చేదు. ఆవిరయ్యే గుణం లేదు కనుక వాసనా లేదు. అదే గింజలో, వేరే కణాల్లో, మైరోసినేజ్ అనే ఎంజైమ్, అంటే రసాయన మార్పును జరిపించే ప్రోటీన్, ఉంటుంది. అగ్గిపుల్లను ఒకచోట, అది గీసే గరుకు పట్టీని ఇంకోచోట దాచినట్టుగా మొక్క ఈ రెంటినీ విడివిడిగా ఉంచుతుంది. గింజ నలిగి, దానికి తడి తగిలినప్పుడు రెండూ కలుస్తాయి. ఎంజైమ్ గ్లూకోజ్‌ను తెంపేస్తుంది. మిగిలిన భాగానికి నిలకడ లేదు. అది రూపు మార్చుకుని అల్లైల్ ఐసోథయోసయనేట్ అవుతుంది. పేరు పెద్దదే గానీ మన ముక్కుకు బాగా పరిచయం ఉన్నదే.

అంటే నలగాలి, తడవాలి, ఎంజైమ్ పాడవకుండా ఉండాలి. ఈ మూటిలో ఏది తప్పినా ఘాటు పుట్టదు. మన వంటింట్లో ఆవాలను రెండు పూర్తిగా వేర్వేరు పద్ధతుల్లో వాడడానికి కారణం ఇక్కడుంది. తాలింపులో గింజను నలగ్గొట్టం, తడి తగలనివ్వం, కాగిన నూనెలో వేస్తాం. ఎంజైమ్ క్షణాల్లో చచ్చిపోతుంది. అందుకే ఎన్ని ఆవాలు చిటపటలాడించినా తాలింపులో ఆవ ఘాటు ఉండదు, వేగిన గింజ కమ్మదనమే ఉంటుంది.

రెండోది ఆవపెట్టిన కూర. పనసపొట్టు, అరటికాయ, కంద ఏదైనా కానివ్వండి. ఆవాలూ ఎండుమిర్చీ నీళ్ళు చల్లి నూరుతారు. కూర దించి, వేడి తగ్గాక ఆ ముద్ద కలుపుతారు. పొయ్యి మీద ఉండగానే కలిపితే కూర చేదెక్కుతుందని పెద్దవాళ్ళు ఊరికే హెచ్చరించరు. వేడికి ఘాటు పదార్థం ఆవిరైపోతుంది, మిగిలిన ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇంకా విడిపోని సినిగ్రిన్ అలాగే నిలిచిపోతుంది. సినిగ్రిన్ స్వతహాగా చేదని చెప్పాను కదా. ఈ ఒక్క నియమం తెలిసినవాళ్ళు ఆవపెట్టిన పెరుగు పచ్చడిలోనూ, ఆవ పులిహోరలోనూ పొరపాటు చేయరు.

మిరప ఘాటూ ఆవ ఘాటూ ఒకటి కాదు. మిరపలోని క్యాప్సైసిన్ సిద్ధంగా తయారై ఉంటుంది. కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో అది పుడుతుంది. మంట గింజల్లో ఉంటుందనుకోవడం చాలామంది భ్రమ. గింజలకు ఉన్నది పక్కనున్న పొర నుంచి అంటిందే. క్యాప్సైసిన్ ఆవిరయ్యేది కాదు కనుక నాలుక మీదే మండుతుంది. ఆవది ఆవిరై ముక్కులోకి ఎక్కుతుంది. నాడుల మీద అవి తట్టే తలుపులు కూడా వేరు. వేడిని గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మీద క్యాప్సైసిన్ పనిచేస్తుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో చూపించింది. ఆ పరిశోధనకు ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆవ ఘాటు పనిచేసేది టీఆర్‌పీఏ1 అనే మరో గ్రాహకం మీద. కాబట్టి కొత్తావకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మీ మీద దాడి రెండు వైపుల నుంచి జరుగుతోందన్నమాట.

ఆవకాయ గురించి ఇంకొంచెం చెప్పకుండా ముందుకు పోలేను. ముక్కలను తడి లేకుండా తుడుస్తారు, ఆవపిండి ఎండలో పెట్టి దంచినది, నూనె కాచనిది. అంటే కలిపిన గంటలో పిండి దాదాపు పొడిగానే ఉంటుంది. ఉప్పు ముక్కల్లోంచి నీటిని లాగి ఊట వచ్చాక ఆవపిండి తడుస్తుంది, అప్పుడు రసాయనం మొదలవుతుంది. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు మూత తీయగానే ముక్కు అదిరేది అందుకే. మామిడి పులుపు ఎంజైమ్‌ను కొంత నెమ్మదింపజేస్తుంది. పుట్టిన ఘాటు నీటిలో తొందరగా విరిగిపోతుంది, నూనెలో ఎక్కువకాలం నిలుస్తుంది. నూనె ముక్కలపైన తేలాలన్న పట్టుదలకు ఇదీ ఒక ఫలితమే.

ఆవకాయ ఏడాది నిలవడం ఆవపిండి మహిమ అని వింటుంటాం. ఆవ ఘాటు ఆవిరి బూజునూ అనేక బ్యాక్టీరియాలనూ అణుస్తుందన్నది నిజమే. జపాన్‌లో ఆహార పొట్లాలలో ఆ ఆవిరిని నెమ్మదిగా వదిలే రేకులు కూడా వాడతారు. కానీ ఆవకాయ విషయంలో పెద్దపీట ఉప్పుకూ పులుపుకూ వేయాలని నా అభిప్రాయం. దీనికి కారణం వెల్లుల్లి దగ్గర చెబుతాను.

వెల్లుల్లిదీ ఇదే ఏర్పాటు. అల్లీన్ అనే పదార్థం ఒకచోట, అల్లీనేజ్ అనే ఎంజైమ్ వేరొకచోట. రెబ్బ చితికితే క్షణాల్లో అల్లిసిన్ పుడుతుంది. చెస్టర్ కావల్లిటో, జాన్ బెయిలీ 1944లో దాన్ని వేరుచేసి, బ్యాక్టీరియాను నిరోధిస్తుందని చూపించారు. సూక్ష్మజీవుల ప్రోటీన్లలో ఉండే గంధకపు సమూహాలకు అది అంటుకుని వాటి పని ఆపేస్తుంది. రెబ్బను చితక్కుండా ఉడికిస్తే ఎంజైమ్ ముందే చచ్చి అల్లిసిన్ పుట్టే అవకాశమే పోతుంది. చితక్కొట్టి పది నిమిషాలు పక్కన పెట్టి తర్వాత వేడి చేస్తే కొంతైనా గుణం మిగులుతుందని ప్రయోగాల్లో తేలింది. పొద్దున్నే వెల్లుల్లి రెబ్బను నమలకుండా మాత్రలా మింగేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పట్టుదలను గౌరవిస్తాను, ఫలితం గురించి మాత్రం ఆశ పెట్టుకోను.

ఇక ఆవకాయలో పెద్దపీట ఉప్పుకూ పులుపుకూ వేయాలన్న కారణం. 1985లో కెనడాలోని వాంకోవర్‌లో ఒక హోటల్లో తిన్నవాళ్ళు వరుసగా బాటులిజం అనే, నాడులను చచ్చుబరిచే విషాహార జబ్బు పాలయ్యారు. వెతికితే తేలింది ఏమిటంటే, నూనెలో వేసి, చల్లని చోట ఉంచకుండా వాడిన తరిగిన వెల్లుల్లి. బ్యాక్టీరియాను చంపుతుందని పేరున్న వెల్లుల్లిలోనే బాటులినమ్ క్రిమి విషం తయారుచేసింది. ఈ క్రిమికి గాలి అక్కర్లేదు, నూనె గాలిని అడ్డుకుని దానికి మేలే చేసింది. పులుపు లేదు, ఉప్పు లేదు. పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 4.6 కంటే తక్కువగా ఉంటే ఆ క్రిమి పెరగలేదు. ఆవకాయలో పచ్చిమామిడి పులుపు ఆ గీతకు చాలా కిందే ఉంటుంది, పైగా బోలెడంత ఉప్పు. చింతపండు వేసిన పచ్చళ్ళకూ అదే రక్ష. కనుక ఆధునిక వంటల వీడియోల్లో చూసి పులుపు లేకుండా వెల్లుల్లిని నూనెలో పోసి బల్ల మీద నెలల తరబడి ఉంచకండి. చేసినది చల్లని పెట్టెలో ఉంచి కొద్దిరోజుల్లోనే వాడేయండి.

ఉల్లి ఇదే కుటుంబం. కోసినప్పుడు కన్నీళ్ళు తెప్పించే పదార్థాన్ని తయారుచేసే ప్రత్యేక ఎంజైమ్ ఉందని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఉల్లిని ముందుగా చల్లబరిస్తే ఎంజైమూ మందగిస్తుంది, ఆవిరీ తగ్గుతుంది. ఉల్లి గురించి ఇంతకన్నా చెప్పడానికి ఇవాళ సమయం లేదు.

మొక్క ఇదంతా మన ఆవకాయ కోసం చేయలేదు. పురుగు కొరికితే ఆ నోరే మండాలని చేసుకుంది. చాలా పురుగులు పారిపోతాయి. ఆవ కుటుంబానికే చెందిన క్యాబేజీని పండించే రైతులను ఏడిపించే డైమండ్ రెక్కల పురుగు మాత్రం పారిపోదు. సినిగ్రిన్ జాతి పదార్థాలు విడిపోయి ఘాటుగా మారకముందే వాటిలోని సల్ఫేట్‌ను కత్తిరించే ఎంజైమ్ దాని కడుపులో ఉంది. అంతటితో ఆగలేదు, ఆ వాసనే దానికి గుడ్లు పెట్టడానికి చిరునామా అయింది. మన శాస్త్రవేత్తలు దాని తెలివిని దానిమీదే తిప్పారు. క్యాబేజీ 25 వరుసలకు రెండు వరుసల ఆవ మొక్కలు వేయమని రైతులకు సిఫార్సు చేశారు. రెక్కల పురుగు ఆవను ఎక్కువ ఇష్టపడి అక్కడే గుడ్లు పెడుతుంది. మందు ఆ రెండు వరుసల మీదే కొడితే చాలావరకు సరిపోతుంది.

క్యాబేజీ పేరెత్తాక థైరాయిడ్ ప్రశ్న వస్తుంది. 1928లో అమెరికాలో వేరే పనికోసం క్యాబేజీ మేపిన కుందేళ్ళకు గొంతు దగ్గర గాయిటర్ వాపు కనబడింది. అక్కడి నుంచి మొదలైన భయం ఇప్పటికీ పోలేదు. ఈ కుటుంబపు కూరగాయల నుంచి వచ్చే కొన్ని పదార్థాలు అయొడిన్‌ను థైరాయిడ్ గ్రంథిలోకి చేరనివ్వకుండా పోటీపడతాయి. ఆ కుందేళ్ళకు మేత దాదాపు క్యాబేజీయే. మీరు అయొడిన్ ఉప్పు వాడుతూ వారానికి రెండు రోజులు ఉడికించిన క్యాబేజీ తింటున్నారు. ఉడికితే ఎంజైమ్ పోతుంది, ఆ పదార్థాలు పుట్టడమూ బాగా తగ్గుతుంది. రెంటికీ పోలిక లేదు.

అయితే ఉడికిస్తే మంచీ పోతుంది. బ్రోకలీలో ఇలాగే పుట్టే సల్ఫోరఫేన్ అనే పదార్థం శరీరంలో విషాలను తొలగించే ఎంజైములను ప్రేరేపిస్తుందని 1992లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం చూపించింది. బాగా ఉడికిన బ్రోకలీలో ఎంజైమ్ ఉండదు, సల్ఫోరఫేన్ పుట్టదు. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీనికి ఒక ఉపాయం పరీక్షించి 2018లో ప్రచురించారు. ఉడికిన 200 గ్రాముల బ్రోకలీ మీద ఒక గ్రాము ఆవపిండి చల్లి మనుషులకు పెట్టారు. ఆవపిండిలోని ఎంజైమ్ బ్రోకలీలో లోపించిన పని చేసింది. తిన్నవాళ్ళ శరీరంలోకి చేరిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లు మించింది. కూర ఉడికాక, దించాక, ఆవ కలపడం! గోదావరి జిల్లాల వంటవాళ్ళకు ఈ వరుస కొత్తేమీ కాదు, వాళ్ళు చేసింది రుచి కోసం. దీన్ని పట్టుకుని ఆవపెట్టిన కూర క్యాన్సర్‌ను ఆపుతుందని రేపు ఎవరైనా సందేశం పంపితే నా పేరు చెప్పకండి. శరీరంలోకి చేరడం ఒకటి, జబ్బును ఆపడం ఇంకొకటి. రెండోది ఎవరూ నిరూపించలేదు.

చివరిగా ఇదే ఏర్పాటుకున్న చీకటి ముఖం. కర్రపెండలంలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది, విడిగా దాని ఎంజైమూ ఉంటుంది. దుంప నలిగితే పుట్టేది ఘాటు కాదు, హైడ్రోజన్ సయనైడ్ అనే విషం. 1981 కరవులో ఆఫ్రికా దేశం మొజాంబిక్‌లోని నాంపుల ప్రాంతంలో చేదు రకం దుంపలను తొందరగా, సరిగా శుద్ధి చేయకుండా తిన్న వెయ్యిమందికి పైగా జనానికి కాళ్ళు చచ్చుబడ్డాయి. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కొంజో అని ఆ జబ్బు పేరు. సయనైడ్‌ను శరీరం విరిచేయాలంటే గంధకమున్న ప్రోటీన్ కావాలి. కరవులో పప్పూ చేపా లేవు.

సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో అదే దుంప నుంచి సగ్గుబియ్యం చేస్తారు. అక్కడ దుంపను మెత్తగా రుబ్బుతారు, అంటే ఎంజైమ్‌కు పూర్తిగా పని అప్పజెబుతారు. పుట్టిన సయనైడ్ 26 డిగ్రీలకే మరిగే పదార్థం, నీటిలో కరుగుతుంది కూడా. పిండిని కడిగి తేర్చేటప్పుడు నీటితో కొంత, ఆరబెట్టి వేడి చేసేటప్పుడు ఆవిరిగా మిగిలింది పోతుంది. నలగ్గొట్టడం ఇక్కడ విషాన్ని పుట్టించేదీ, వదిలించేదీ కూడా. ముక్కలుగా కోసి నేరుగా కూర వండుకునేవాళ్ళు తీపి రకం చూసుకుని, పై తొక్క మందంగా తీసి, ముక్కలు నీళ్ళలో నానబెట్టి, మూత లేకుండా బాగా ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.