కింది మెట్టు పిల్లలకి వదిలేయండి

అందరికీ నమస్కారం. పండగ పనులు పక్కనపెట్టి వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. సంక్రాంతి పిల్లలకి గుర్తుండిపోవాలంటే ఏం చేయాలని మీలో చాలామంది అడుగుతున్నారు. నేను చెప్పేది ఒక్కటే: మీరు చేసేది కాస్త తగ్గించండి.

ఈమధ్య భోగిపళ్ళ పేరంటం కూడా ఫంక్షన్ అయిపోయింది. వెనక బెలూన్ల ఆర్చి, ముందు ఫొటోగ్రాఫర్. పట్టుపంచె కట్టిన మూడేళ్ళవాడు "ఇటు చూడమ్మా, నవ్వు" అనిపించుకుంటూ గంటసేపు కుర్చీలో కూర్చోవాలి. ఖర్చుపెట్టడం తప్పనను, ఎవరి ముచ్చట వాళ్ళది. కానీ అన్నీ మనమే సిద్ధం చేసేస్తే, ఊహించుకోవడానికి వాడికి ఏం మిగిలింది?

రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో పిల్లల ఆటల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లవాడి చేతిలో ఏ కర్రయినా గుర్రమైపోతుంది, పోస్టుకార్డు మాత్రం గుర్రం కాలేదంటాడు. కర్రనైతే కాళ్ళ మధ్య పెట్టుకుని స్వారీ చేయొచ్చు, కార్డుతో కుదరదు. అంటే ఊహ గాల్లోంచి రాదు, చేతికి ఏదో ఒకటి అందాలి. ఆ వస్తువు గుర్రంలా ఉండాల్సిన పనిమాత్రం లేదు. రెండేళ్ళ వయసులో మొదలయ్యే ఈ ఉత్తుత్తి ఆటలు మూడు నుంచి ఐదేళ్ళ మధ్య బాగా ఊపందుకుంటాయి. మన పండగలో ఇలా చేతికి అందేవి బోలెడు. సమస్యల్లా మనం అందనివ్వకపోవడమే.

బొమ్మల కొలువు సంగతే చూడండి. మూడో, ఐదో, బేసి లెక్కన మెట్లు కడతాం. పై మెట్ల మీద మీ ఇష్టం, అట్టడుగు మెట్టు మాత్రం పిల్లలకి వదిలేయండి. అక్కడ ఏటికొప్పాక లక్కపిడతలు పెట్టండి. అంకుడు కర్రతో చేసినవి, తేలిగ్గా, నున్నగా చిన్న చేతుల్లో ఇమిడిపోతాయి. కొండపల్లి ఎడ్లబండి ఉంటే పైమెట్టు మీదే ఉంచండి, పొణికి కర్ర మెత్తన, చెవులూ కొమ్ములూ ఇట్టే విరుగుతాయి. ఇక మీ అమ్మాయి లక్కపిడతల పక్కన తన జేసీబీ తెచ్చి పెడుతుంది. "కొలువులో జేసీబీ ఏంటే?" అనకండి. "ఏం తవ్వుతోంది?" అని అడగండి. చెరువనో, దెయ్యం ఇల్లనో ఏదో చెబుతుంది. విని ఊరుకోండి. పేరంటానికి వచ్చిన ప్రతివాళ్ళ ముందూ "ఆంటీకి చెప్పు, చెప్పు" అని వాయించకండి, అప్పుడది పాఠం అయిపోతుంది. మర్నాటికి కథ మారినా గుర్తుచేయకండి.

హరిదాసు వస్తే బియ్యం పిల్లల చేత పోయించండి. తలమీది అక్షయపాత్రను ఆయన కింద పెట్టడు, పిల్లల కోసం తానే వంగుతాడు. ఇప్పుడు కొందరు హరిదాసులు బండిమీదా వస్తున్నారు, దానికి పిల్లలకేమీ అభ్యంతరం లేదు, మనకే. "ఈయన నిజంగా దేవుడా?" అని నాలుగేళ్ళవాడు అడిగితే "నీకేమనిపిస్తోంది?" అనండి. ఆరేళ్ళు వచ్చాక అదే ప్రశ్న నిలదీసి అడిగితే ఉన్నమాట చెప్పేయండి, అబద్ధం మీద నిలబెట్టాల్సిన సరదా కాదిది. గంగిరెద్దును చూసి ఏడ్చేవాళ్ళని మాత్రం ఫొటో కోసం దగ్గరికి తోయకండి.

ఫోన్ గురించి రెండు మాటలే. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి కూర్చుని చూసే స్క్రీన్ రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. సెలవుల్లో అది ఎంత కష్టమో నాకూ తెలుసు. ధనుర్మాసం నెలరోజులూ పిల్లలకి పని దొరికేది. ఆవుపేడతో చిన్న చిన్న పిడకలు చేసి, ఎండబెట్టి, దండ గుచ్చడం. ఫ్లాట్లో అది కుదరదంటారు. పిడకలు కొనుక్కోండి, దండ మాత్రం వాళ్ళనే గుచ్చనివ్వండి. వంకరగా ఉన్నా భోగిమంటలో చక్కగానే కాలుతుంది.

ఒక జాగ్రత్త. భోగిపళ్ళలో రేగిపళ్ళు, చిల్లర, నానబెట్టిన శనగలు ఉంటాయి. ఏడాది పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డుపడతాయి. పోయడం అవగానే వెంటనే ఎత్తేయండి.

కొలువు కోసం అటక మీద పెట్టెలు దింపేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. పాత పేపర్లలో చుట్టిన బొమ్మల్ని వాళ్ళనే విప్పనివ్వండి. చెయ్యి విరిగిన బొమ్మ కనబడితే దాచేయకండి, అదెలా విరిగిందో వాళ్ళే చెబుతారు. ఇక మీరు అడగండి.