గుమాస్తా చెవిన పడ్డ పేరు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మన అతిథి ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారు. విదేశాల నుంచి ఎవరైనా "మా ముత్తాత ఊరు ఏదో కనుక్కోండి" అని ఉత్తరం రాస్తే సంచి భుజాన వేసుకుని బయలుదేరే మనిషి. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం అమ్మా. సంచి సంగతి తరువాత. ముందు కళ్లజోడు కావాలి. సగం పని కాగితం దగ్గరే తేలిపోతుంది.

వ్యాఖ్యాత: ఏ కాగితం?

మాస్టారు: ఓడ జాబితా. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పందపు కూలీలు, అంటే ఇన్నేళ్లు పని చేస్తామని ఒప్పుకుని వెళ్లినవాళ్లు, డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి వెళ్లారు. ఒక్కొక్కరికి ఒక నంబరు వేశారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. ఆనవాలు పట్టడానికి రాసుకున్న లెక్క అది. ఇవాళ మునిమనవలకు అదే దిక్కు.

వ్యాఖ్యాత: ఊరు, తండ్రి పేరు కూడా ఉంటే ఇక కష్టం ఏముంది?

మాస్టారు: ఇంటిపేరు లేదు కదమ్మా! మనం ఎవరినైనా "మీరు ఎవరి తాలూకు" అని అడిగితే ముందు వచ్చేది ఇంటిపేరే. జాబితా రాసే గుమాస్తాకు దానితో పని లేదు. అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. లేదంటే నాయుడు అన్న మాట ఇంగ్లిషులో చివర రెండు ఓలు తగిలించుకుని ఇంటిపేరై కూర్చుంది. దాన్ని పట్టుకుని ఇక్కడికి వచ్చి వెతికితే ఎవరు దొరుకుతారు? ఊరికో వంద మంది దొరుకుతారు.

వ్యాఖ్యాత: (నవ్వు) మరి మీరు ఎక్కడ మొదలుపెడతారు?

మాస్టారు: పైకి చదువుతాను. గట్టిగా, నాలుగైదు రకాలుగా. కాగితం మీద ఉన్నది మన పేరు కాదు, గుమాస్తా చెవిన పడ్డ పేరు. ఇంగ్లిషు అక్షరాల్లో త, ట ఒకటే. ద, డ ఒకటే. ల, ళ కూడా అంతే. మొన్న డర్బన్ నుంచి ఒకావిడ పంపిన కాగితంలో ఊరు "కోటవల్స" అని ఉంది. వాళ్లు పదేళ్లుగా కోట ఉన్న ఊళ్లు వెతుకుతున్నారట! పైకి చదివితే నాకు కొత్తవలస అని వినిపించింది.

వ్యాఖ్యాత: రైలు జంక్షన్ ఉన్న కొత్తవలసేనా?

మాస్టారు: అలాగే అనుకుని నేనూ ఒకసారి పొరపడ్డాను. ఉత్తరాంధ్రలో ఆ పేరుతో ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పక్క వలస అన్న మాటతో ముగిసే ఊళ్లు ఎన్నో! ఎప్పుడో ఎక్కడి నుంచో వచ్చి దిగినవాళ్ల ఊరి నుంచి మళ్లీ ఒకడు ఓడ ఎక్కాడన్నమాట. అందుకని తాలూకా గడిని వదలకూడదు. జిల్లా గడిని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. గంజాం అని ఉంటే వెంటనే ఒడిశా రైలెక్కవద్దు. శ్రీకాకుళం, టెక్కలి అప్పట్లో గంజాంలోనే ఉండేవి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ భాగం విశాఖ జిల్లాకు వచ్చింది, 1950లో శ్రీకాకుళం విడి జిల్లా అయింది. పైగా ఆ కాగితాల్లో శ్రీకాకుళం "చికాకోల్", భీమునిపట్నం "బిమ్లీపటం".

వ్యాఖ్యాత: ఊరి గడి చెరిగిపోయి ఉంటే?

మాస్టారు: అప్పుడు పేరే ఊరి దారి చెబుతుంది. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న చుట్టుపక్కల వెతకాలి. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి తలపుకు రావాలి. ఇది రుజువు కాదు, వాసన మాత్రమే. అయినా ఆ వాసన నన్ను చాలాసార్లు సరైన వైపే నడిపించింది. మారిషస్ వాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు అది. అది ఊరనుకుని కోరంగి వచ్చి తాతగారి ఇల్లు అడిగినవాళ్లున్నారు. రేవులో ఓడ ఎక్కినంత మాత్రాన రేవు సొంత ఊరు అవుతుందా?

వ్యాఖ్యాత: ఊరు దొరికాక అక్కడ పాత రికార్డులు ఉంటాయి కదా? కరణాల లెక్కలు...

మాస్టారు: అక్కడే అందరూ నీరుగారిపోతారు. కరణీకం 1984లో రద్దయింది. ఆ తరువాత పాత కట్టలు కొన్ని కార్యాలయాలకు చేరాయి, కొన్ని అటకలెక్కాయి, కొన్ని చెదలకు పోయాయి. జమీందారీ గ్రామమైతే జమీందారీలను రద్దు చేసిన 1948 చట్టం వచ్చేదాకా రైతుల లెక్కలు జమీందారు కచేరీవే. సరే, కట్ట దొరికిందే అనుకుందాం. అందులో ఉండేది పొలం ఉన్నవాడి పేరు. పొలం ఉన్నవాడు ఓడ ఎందుకు ఎక్కుతాడమ్మా?

వ్యాఖ్యాత: ...అవును.

మాస్టారు: అందుకే రచ్చబండ దగ్గర కూర్చుంటాను. ఆ డర్బన్ ఆవిడ ముత్తాత విషయంలో తాలూకాను బట్టి ఒక కొత్తవలసను తేల్చుకుని వెళ్లాను. తండ్రి పేరు చదివి వినిపించాను. మనకు తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కదా, ఆ పేరు ఊళ్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. చిక్కేమిటంటే రెండు ఇళ్లలో తిరుగుతోంది.

వ్యాఖ్యాత: రెండిళ్లవాళ్లూ మావాడే అన్నారా?

మాస్టారు: ఒక ఇంట్లో ముసలావిడ "మా మామగారి చిన్నాన్న ఒకాయన రంగం పోయాడు, తిరిగి రాలేదు" అంది. రంగం అంటే రంగూన్. సముద్రం దాటి ఎక్కడికి పోయినా ఆ ఊళ్లో రంగమే. రెండో ఇంట్లో అసలు ఎవరూ ఎటూ పోలేదన్నారు. కానీ కాగితంలో ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఉంది. ఆ రెండో ఇంటి యజమానికి సరిగ్గా అక్కడే మచ్చ ఉంది! అది చూసి నాకు నవ్వొచ్చింది, ఆ తరువాత భయం వేసింది. మచ్చను బట్టి చుట్టరికం కలిపేవాడినైపోతానేమో అని.

వ్యాఖ్యాత: మరి ఆవిడకు ఏమని రాశారు?

మాస్టారు: రెండిళ్ల సంగతీ ఉన్నది ఉన్నట్టు రాశాను. ఒక ప్రశ్న కూడా పంపాను. మీ ఇంట్లో పిల్లల పుట్టువెంట్రుకలు ఎవరి పేరు చెప్పుకుని తీయించేవారు, మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి అని. ఇంటిపేరు మరిచిపోయినవాళ్లు కూడా మొక్కు మరిచిపోరు. ఇక్కడ ఆ రెండిళ్ల ఇలవేల్పులు వేరు.

వ్యాఖ్యాత: జవాబు వచ్చిందా?

మాస్టారు: ఇంకా లేదు. వాళ్ల పెద్దావిడ ఆసుపత్రిలో ఉందట, ఇంటికి రాగానే అడుగుతామన్నారు.