జాకీ రాబిన్‌సన్‌కు 63 ఏళ్ళ ముందే మేజర్ లీగ్‌లో ఆడిన నల్లజాతి క్యాచర్

(తెరపై: 1881 నాటి ఓబర్లిన్ కళాశాల బేస్‌బాల్ జట్టు ఛాయాచిత్రం. కెమెరా వాకర్ సోదరులిద్దరి ముఖాల దగ్గర ఆగుతుంది.)

నమస్కారం. అమెరికాలో అత్యున్నత స్థాయి వృత్తి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఎవరని అడిగితే, ఆ ఆటతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారు సైతం జాకీ రాబిన్‌సన్ పేరే చెబుతారు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున ఆయన బరిలోకి దిగిన రోజును ఇప్పటికీ ఏటా స్మరించుకుంటారు. ఆ రోజు ప్రతి ఆటగాడూ ఆయన ధరించిన 42వ నంబరు జెర్సీనే వేసుకుంటాడు. ఆయన పడిన కష్టానికి ఆ గౌరవం పూర్తిగా తగినదే. అయితే ఆయన ఛేదించిన నిషేధం బేస్‌బాల్ పుట్టిననాటి నుంచీ ఉన్నది కాదు. 1880లలో కొందరు వ్యక్తులు, కొన్ని నిర్దిష్టమైన తేదీలలో, చర్చించి, ఓటు వేసి దానిని తెచ్చిపెట్టారు. అది రాకముందు 1884లో ఒక నల్లజాతి యువకుడు మేజర్ లీగ్‌లో ఆడాడు. ఆయన పేరు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. ఆయన ఆడిన కాలాన్ని వరుసగా చూస్తే ఆ నిషేధం ఎలా తయారైందో మనకు స్పష్టంగా అర్థమవుతుంది.

వాకర్ ఒహాయో రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్ అనే ఊరిలో పుట్టి, స్టూబెన్‌విల్ పట్టణంలో పెరిగాడు. శ్వేతజాతి, నల్లజాతి విద్యార్థులను కలిపి చదివించిన తొలి విద్యాసంస్థలలో ఒకటైన ఓబర్లిన్ కళాశాలలో చేరి, తమ్ముడు వెల్డీతో కలిసి 1881లో ఆ కళాశాల జట్టుకు ఆడాడు. ఆ తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతూ అక్కడి జట్టుకూ ఆడాడు. ఆ కాలపు వృత్తి ఆటగాళ్ళలో కళాశాల మెట్లు ఎక్కినవారు చాలా తక్కువ.

(తెరపై: నాటి మైదానం రేఖాచిత్రం. పిచ్చర్, బ్యాటర్, క్యాచర్ నిలబడే చోట్లు వరుసగా వెలుగుతాయి.)

వాకర్ క్యాచర్. క్రికెట్ చూసే మనకు సులభంగా అర్థం కావాలంటే, వికెట్ కీపర్ వంటి స్థానం అనుకోవచ్చు. కాకపోతే ఇక్కడ బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది, క్యాచర్ బ్యాటర్‌కు బాగా దగ్గరగా ఉంటాడు, ఏ బంతి వేయాలో పిచ్చర్‌కు సైగలతో సూచించే బాధ్యత కూడా అతనిదే. 1884 నాటికి పిచ్చర్ కేవలం 50 అడుగుల దూరం నుంచి బంతి విసిరేవాడు. నేడు ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. దళసరి మెత్త ఉన్న గ్లవ్స్ అప్పటికి ఇంకా రాలేదు. కొందరు వేళ్ళు కత్తిరించిన పలుచని తోలు తొడుగులు వేసుకునేవారు, కొందరు వట్టి చేతులతోనే పట్టేవారు. క్యాచర్ల వేళ్ళు విరగడం, అరచేతులు చీలి వాచిపోవడం సర్వసాధారణం. ఆ స్థితిలో సైగలను ఖాతరు చేయని పిచ్చర్ ఎదురైతే క్యాచర్‌కు ఎంత ప్రమాదమో ఊహించండి. వాకర్‌కు ఎదురైనది సరిగ్గా అదే.

అక్కడికి వెళ్ళే ముందు 1881 ఆగస్టులో లూయీవిల్ నగరంలో జరిగిన ఒక సంఘటన చెప్పుకోవాలి. క్లీవ్‌లాండ్‌కు చెందిన ఒక కుట్టుమిషన్ల కంపెనీ జట్టు, తన క్యాచర్‌గా వాకర్‌ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. నల్లజాతి ఆటగాడు ఉంటే ఆడబోమని స్థానిక ఎక్లిప్స్ జట్టు పట్టుబట్టడంతో వాకర్‌ను పక్కన కూర్చోబెట్టారు. ఆయన బదులు దిగిన క్యాచర్ ఒక్క ఇన్నింగ్స్‌లోనే చేతికి గాయమై, ఇక తన వల్ల కాదని తప్పుకున్నాడు. అప్పుడు ప్రేక్షకులే వాకర్‌ను పిలవమని కేకలు వేశారు. ఆయన మైదానంలోకి వచ్చి కొన్ని బంతులు పట్టి చూపేసరికి చప్పట్లు మారుమోగాయి. అది చూసిన ఎక్లిప్స్ ఆటగాళ్ళు ఇద్దరు ఆట వదిలి గదిలోకి వెళ్ళిపోయారు. చివరకు వేరొక ఆటగాడిని క్యాచర్‌గా నిలబెట్టి మ్యాచ్ ముగించారు. లూయీవిల్ దక్షిణాది నగరమే అయినా, టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులు ఆ రోజు వాకర్ ఆటనే చూడాలనుకున్నారన్న సంగతి గుర్తుంచుకోవాలి. జనం ఒప్పుకోరన్న మాటను జట్ల యజమానులు ఆ తరువాత అనేకసార్లు సాకుగా చెప్పారు.

(తెరపై: టొలీడో, షికాగో నగరాలను చూపే పటం. కింద 1883 అన్న సంవత్సరం.)

1883లో వాకర్ టొలీడో బ్లూ స్టాకింగ్స్ జట్టులో చేరాడు. ఆ జట్టు అప్పుడు నార్త్‌వెస్టర్న్ లీగ్‌లో ఉండేది. సీజన్ మొదలు కాకముందే, మార్చిలో జరిగిన లీగ్ సమావేశంలో, నల్లజాతి ఆటగాళ్ళను పూర్తిగా నిషేధించాలని పియోరియా జట్టు ప్రతినిధి ప్రతిపాదించాడు. వాదోపవాదాలు జరిగిన తరువాత ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఆగస్టు 10న నాటి ప్రసిద్ధ జట్టు షికాగో వైట్ స్టాకింగ్స్ ప్రదర్శన మ్యాచ్ కోసం టొలీడోకు వచ్చింది. దాని కెప్టెన్, ఆ తరంలోకెల్లా పేరుమోసిన బ్యాటర్ అయిన క్యాప్ ఆన్సన్, వాకర్ దిగితే తమ జట్టు ఆడదని తేల్చి చెప్పాడు. నిజానికి చేతులు వాచి ఉన్నందున ఆ రోజు వాకర్‌కు విశ్రాంతి ఇవ్వాలనే టొలీడో మేనేజర్ చార్లీ మోర్టన్ అనుకున్నాడు. ఈ బెదిరింపు విన్నాక ఆయన మనసు మార్చుకుని వాకర్‌ను అవుట్‌ఫీల్డ్‌లో నిలబెట్టాడు. ఆడకుండా వెళితే టికెట్ల సొమ్ములో వాటా రాదని ఆన్సన్‌కు చెప్పాడు. ఆన్సన్ ఆడాడు. ఒక్క మేనేజర్ గట్టిగా నిలబడితే ఎంత పేరున్నవాడైనా దిగివస్తాడని ఆ రోజు రుజువైంది. అయితే ఆన్సన్ దానిని మరచిపోలేదు. మరుసటి ఏడాది తన జట్టు మళ్ళీ టొలీడోకు రావలసి వచ్చినప్పుడు, నల్లజాతి ఆటగాడు ఉండకూడదన్న షరతును ముందుగానే ఉత్తరం ద్వారా పంపించారు. ఈసారి టొలీడో ఒప్పుకుంది, వాకర్ ఆ మ్యాచ్ ఆడలేదు.

1884లో టొలీడో జట్టు అమెరికన్ అసోసియేషన్‌లో చేరింది. అది ఆనాటి మేజర్ లీగ్‌లలో ఒకటి. మే 1న వాకర్ తన మొదటి మేజర్ లీగ్ మ్యాచ్ ఆడింది, మూడేళ్ళ క్రితం తనను బయట కూర్చోబెట్టిన అదే లూయీవిల్ నగరంలో, అదే ఎక్లిప్స్ జట్టు మీద. ఆ సీజన్‌లో ఆయన 42 మ్యాచ్‌లు ఆడి 0.263 బ్యాటింగ్ సగటు సాధించాడు. బేస్‌బాల్‌లో ఈ సగటు పరుగులది కాదు, బ్యాటింగ్ అవకాశాలలో ఎన్నిసార్లు బంతిని విజయవంతంగా కొట్టి బేస్ చేరాడన్న నిష్పత్తి. అది ఆ లీగ్ సగటు కంటే మెరుగైనది. తమ్ముడు వెల్డీ కూడా అదే ఏడాది కొన్ని మ్యాచ్‌లలో ఆడాడు.

టొలీడో ప్రధాన పిచ్చర్ టోనీ ముల్లేన్ ఆ సీజన్‌లో 36 మ్యాచ్‌లు గెలిపించిన దిట్ట. 1919లో ఒక పత్రికతో మాట్లాడుతూ, తాను కలిసి ఆడిన క్యాచర్లలో వాకరే అత్యుత్తముడని ముల్లేన్ అంగీకరించాడు. అదే ఊపులో, నల్లజాతివాడంటే తనకు పడకపోవడంతో ఆయన సైగలను చూడకుండా తనకు తోచిన బంతి వేసేవాడినని కూడా చెప్పాడు. ఏ బంతి, ఎటు, ఎంత వేగంతో వస్తుందో తెలియకుండా, గ్లవ్స్ లేని చేతులతో వాకర్ దానిని ఆపవలసి వచ్చేది. ఆ ఏడాది ఆయన ఫీల్డింగ్ పట్టికలో కనిపించే పొరపాట్లను ఈ మాటతో కలిపి చదవాలని నా అభిప్రాయం. జూలైలో బంతి తగిలి ఆయన పక్కటెముక విరిగింది. సెప్టెంబరులో రిచ్‌మండ్ నుంచి మోర్టన్‌కు ఒక బెదిరింపు లేఖ వచ్చింది. వాకర్ అక్కడ ఆడే దుస్తులు వేసుకుంటే 75 మంది దాడి చేస్తారన్నది అందులోని సారాంశం. గాయపడిన వాకర్ ఆ ప్రయాణానికి వెళ్ళలేదు. ఆ నెలలోనే జట్టు ఆయనను విడుదల చేసింది.

(తెరపై: 1887 జూలై 14 అన్న తేదీ. ఒక వైపు న్యూఆర్క్, మరో వైపు బఫలో.)

అంతటితో ఆయన ఆట ముగియలేదు. 1887లో, మేజర్ లీగ్‌ల కంటే కింది స్థాయిదైన ఇంటర్నేషనల్ లీగ్‌కు చెందిన న్యూఆర్క్ జట్టులో జార్జ్ స్టోవీ అనే నల్లజాతి పిచ్చర్‌కు వాకర్ క్యాచర్‌గా ఉన్నాడు. స్టోవీ ఆ సీజన్‌లో 30కి పైగా విజయాలు సాధించాడు. అదే లీగ్‌లో బఫలో జట్టుకు ఆడిన ఫ్రాంక్ గ్రాంట్ కూడా ఆ కాలపు మేటి ఆటగాడే. జూలై 14న షికాగో జట్టు న్యూఆర్క్‌కు వచ్చింది. ఆన్సన్ మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి మోర్టన్ వంటివారు ఎవరూ లేరు. స్టోవీకి ఒంట్లో బాగోలేదని బయటికి చెప్పి అతనినీ, వాకర్‌నూ ఆడించకుండా మ్యాచ్ నడిపించారు. అదే రోజు బఫలోలో సమావేశమైన ఇంటర్నేషనల్ లీగ్ డైరెక్టర్లు, నల్లజాతి ఆటగాళ్ళతో ఇకపై కుదుర్చుకునే ఒప్పందాలను ఆమోదించకూడదని 6-4 ఓట్లతో తీర్మానించారు.

చాలామంది ఈ పాపమంతా ఆన్సన్ తలకే చుడతారు. ఆయన చేసింది తక్కువేమీ కాదు. అయినా ఇంటర్నేషనల్ లీగ్‌లో ఆయనకు ఓటు లేదు. ఓటు వేసినవారు ఇతర నగరాల జట్ల యజమానులు, ప్రతినిధులు. ఇద్దరి ఓటు మారి ఉంటే ఆ తీర్మానం నెగ్గేది కాదు. పెద్ద లీగ్‌లైతే ఇలాంటి నిబంధనను కాగితంపై పెట్టనే లేదు. అంతా పెద్దమనుషుల ఒప్పందంగానే నడిచింది. అందువల్లనే 1942లో బేస్‌బాల్ కమిషనర్ కెనసా మౌంటెన్ లాండిస్, నల్లజాతి ఆటగాళ్ళను నిషేధించే నిబంధన ఏదీ లేదని బహిరంగంగా ప్రకటించగలిగాడు. రాతపూర్వకమైన నిబంధనను రద్దు చేయమని అడగవచ్చు, కోర్టులో సవాలు చేయవచ్చు. లేదని చెప్పే నిబంధనను ఎవరు ఎక్కడ ప్రశ్నించగలరు?

ప్రశ్నించినవాడు మాత్రం ఒకడున్నాడు. 1888 మార్చిలో, ట్రై-స్టేట్ లీగ్ నల్లజాతి ఆటగాళ్ళను వద్దన్నదని విన్న వెల్డీ వాకర్, ఆ లీగ్ అధ్యక్షునికి రాసిన లేఖ స్పోర్టింగ్ లైఫ్ పత్రికలో అచ్చయింది. ఒక ఆటగాడిని బయట ఉంచాలంటే నైపుణ్యం లేకపోవడమో, ప్రవర్తన బాగోకపోవడమో కారణం కావాలి గానీ ఒంటి రంగు కాదని ఆయన సూటిగా వాదించాడు. 130 సంవత్సరాలు దాటిన ఆ లేఖను ఈనాడు చదివినా ఒక్క వాక్యం కూడా పాతబడినట్లు అనిపించదు.

ఫ్లీట్ వాకర్ 1889 వరకు సిరక్యూజ్ జట్టుకు ఆడాడు. ఆయన వెళ్ళిపోయాక 1946లో జాకీ రాబిన్‌సన్ మాంట్రియల్ జట్టు తరఫున దిగేవరకు ఇంటర్నేషనల్ లీగ్‌లో మరొక నల్లజాతి ఆటగాడు కనిపించలేదు. 1891లో సిరక్యూజ్ వీధిలో కొందరితో జరిగిన ఘర్షణలో ఆయన కత్తిపోటుకు ఒక శ్వేతజాతీయుడు చనిపోయాడు. అందరూ శ్వేతజాతీయులే ఉన్న జ్యూరీ ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. తపాలా ఉద్యోగంలో ఉండగా ఉత్తరాల చోరీ నేరంపై మాత్రం ఏడాది జైలు శిక్ష అనుభవించాడు. తరువాత ఒహాయోలోని కేడిజ్‌లో నాటకశాల నడిపాడు, అక్కడ సినిమాలు ప్రదర్శించాడు, ఫిల్మ్ రీళ్ళకు సంబంధించిన తన ఆవిష్కరణలకు 1920లో పేటెంట్లు పొందాడు. అమెరికాలో నల్లజాతివారికి న్యాయం దొరకదనీ, ఆఫ్రికాకు వలస వెళ్ళడమే మార్గమనీ వాదిస్తూ 1908లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. చదువు, ప్రతిభ రెండూ ఉన్న మనిషి ఆ నిర్ణయానికి రావడానికి బేస్‌బాల్ అనుభవం ఎంతవరకు కారణమో, ఇంతవరకు మనం చూసిన తేదీలను బట్టి మీరే ఆలోచించండి. 1924 మే 11న ఆయన క్లీవ్‌లాండ్‌లో మరణించాడు. స్టూబెన్‌విల్‌లోని ఆయన సమాధిపై 1990 వరకు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

(తెరపై: పాత పత్రికలో అచ్చయిన బాక్స్ స్కోర్. పేర్లు, అంకెలు ఒక్కొక్కటిగా దగ్గరగా కనిపిస్తాయి.)

ఆటగాళ్ళను మరచిపోవడం ఎలా జరుగుతుందో కూడా చూడాలి. బేస్‌బాల్‌లో జ్ఞాపకం అంటే ప్రధానంగా అంకెలే. ప్రతి మ్యాచ్ వివరాలను ఒక చిన్న పట్టికగా పత్రికలు అచ్చువేసేవి. దానినే బాక్స్ స్కోర్ అంటారు. బయటికి నెట్టబడిన నల్లజాతి ఆటగాళ్ళు తమ జట్లు తామే కట్టుకున్నారు, 1920లో కాన్సాస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నాయకత్వంలో నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. వారి మ్యాచ్‌లను పెద్ద పత్రికలు చాలావరకు పట్టించుకోలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికలే ఆ పట్టికలను అచ్చువేశాయి. దశాబ్దాల తరువాత పరిశోధకులు ఆ పత్రికల మైక్రోఫిల్మ్ రీళ్ళను తిరగేస్తూ ఒక్కొక్క మ్యాచ్‌ను వెలికితీశారు.

వారి శ్రమ వల్లనే 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920-1948 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా గుర్తించింది. 2024 మే నెలలో ఆ అంకెలను అధికారిక రికార్డులలో చేర్చింది. దానితో అంతవరకు అగ్రస్థానంలో ఉన్న టై కాబ్‌ను దాటి, 0.372 సగటుతో నీగ్రో లీగ్‌ల ఆటగాడు జాష్ గిబ్సన్ జీవితకాల బ్యాటింగ్ సగటులో ప్రథమ స్థానానికి వచ్చాడు. 1943లో ఆయన సాధించిన 0.466 ఒక సీజన్‌కు అత్యుత్తమ సగటుగా నమోదైంది. గిబ్సన్ కూడా వాకర్ లాగా క్యాచరే. రాబిన్‌సన్ బ్రూక్లిన్ తరఫున ఆడటానికి మూడు నెలల ముందు, 1947 జనవరి 20న, 35 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. నీగ్రో లీగ్‌ల సీజన్లు చిన్నవి కనుక ఈ పోలిక సరికాదని కొందరు అంటారు. ఆ సీజన్లు ఎందుకు చిన్నవయ్యాయో తెలిసినవారు ఆ అభ్యంతరాన్ని గిబ్సన్ మీద మోపరు.

వాకర్ మొదటివాడన్న మాటకు కూడా ఇటీవలి పరిశోధన ఒక సవరణ చేర్చింది. 1879 జూన్ 21న ప్రావిడెన్స్ గ్రేస్ జట్టుకు ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన విలియం ఎడ్వర్డ్ వైట్, జార్జియాలో బానిసత్వంలో పుట్టినవాడని తేలింది. ఆయన శ్వేతజాతీయునిగా చలామణి అయ్యాడు. అందువల్ల తన జాతిని దాచుకోకుండా మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి ఆటగాడు వాకర్ అని చెప్పడమే సరైన మాట.

ఈ పని ఇంకా ముగియలేదు. 1920-1948 కాలపు నీగ్రో లీగ్ మ్యాచ్‌లలో దాదాపు నాలుగింట మూడు వంతుల వివరాలు మాత్రమే ఇంతవరకు దొరికాయని అంచనా. ఏదో ఒక పట్టణ గ్రంథాలయంలో పాత పత్రిక నుంచి మరో బాక్స్ స్కోర్ బయటపడిన ప్రతిసారీ గిబ్సన్ సగటుతో సహా ఆ అంకెలు మారుతూనే ఉంటాయి. 1887లో వాకర్‌తో పాటు అదే లీగ్‌లో ఆడిన ఫ్రాంక్ గ్రాంట్‌ను 2006లో, బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. వాకర్ పేరు ఇంకా అందులో చేరలేదు.