పొట్టేలు పడాలంటే వెనక సైట్ మాట వినాలి

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో కొందరు సింగిల్ షాట్ పిస్టల్ (ఒకసారికి ఒక్క తూటానే పట్టేది) కొని మెటాలిక్ సిలూయెట్ పోటీలకు, అంటే ఉక్కు జంతువుల బొమ్మలను కాల్చి పడగొట్టే పోటీలకు వెళ్తున్నారని విని చాలా సంతోషపడ్డాను. ఏం మాట్లాడమంటారని అడిగితే నిర్వాహకులు నా ఇష్టానికే వదిలేశారు. బ్యారెల్ గురించీ తూటా గురించీ చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ రెండింటికీ ఎంతయినా ఖర్చు పెట్టేవాళ్లే సైట్ దగ్గరికి, అంటే గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ముందూ వెనకా ఉండే అమరిక దగ్గరికి వచ్చేసరికి, పిస్టల్‌తో పాటు వచ్చింది ఉందిగా అని సరిపెట్టుకుంటారు. అందుకని ఈ సాయంత్రం సైట్ గురించే మాట్లాడతాను, అందులోనూ ముఖ్యంగా వెనక సైట్ గురించి.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇది మెక్సికోలో పుట్టింది. ఒకప్పుడు అక్కడ బతికున్న కోళ్లనూ పొట్టేళ్లనూ కట్టేసి కాల్చేవారు. 1948లో వాటి స్థానంలో ఉక్కు బొమ్మలు నిలబెట్టారు. ఆ మార్పు వచ్చింది కాబట్టే నాలాంటివాడు ఈ ఆట ఆడగలుగుతున్నాడు. రైఫిల్ ఆటగా సరిహద్దు దాటి ఆరిజోనాకు వచ్చింది. 1975లో టూసాన్‌లో తూటాల తయారీదారు లీ జూరస్ చేతి తుపాకులతో పోటీ పెట్టాడు. మరుసటి ఏడాదే ఈ చేతి తుపాకుల ఆటకు ఐ.హెచ్.ఎం.ఎస్.ఏ. అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, ఎల్గిన్ గేట్స్ దానికి అధ్యక్షుడిగా పనిచేశాడు.

పెద్ద తూటాల పోటీలో 50 మీటర్ల దూరంలో కోడి, 100లో అడవిపంది, 150లో టర్కీ కోడి, 200లో పొట్టేలు ఉంటాయి. అన్నీ ఉక్కువే. ఒక్కో వరుసలో ఐదు బొమ్మలు. ఎడమ నుంచి కుడికి వరుస తప్పకుండా, ఐదు తూటాలతో, రెండు నిమిషాల్లో కాల్చాలి. తగిలితే చాలదు, బొమ్మ దిమ్మె మీంచి పడాలి. పొట్టేలు ఇరవై కిలోల పైనే బరువుంటుంది. గిట్టల దగ్గర తగిలితే ఠంగుమని మోగి అక్కడే నిలబడి ఉంటుంది, మన ఖాతాలో సున్నా పడుతుంది. కాబట్టి ఎత్తులో వచ్చే చిన్న తేడాకు ఈ ఆటలో చాలా పెద్ద శిక్ష ఉంది.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ మీకందరికీ తెలుసు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం తెచ్చింది. ఆమె పిస్టల్ మీద ఉన్నవి కూడా తిప్పి సరిచేసుకునే ఇనప సైట్లే. కానీ అక్కడ దూరం మారదు. వెలుతురును బట్టి, ఆ రోజు చేతిని బట్టి సైట్ స్క్రూను ఒకటి రెండు క్లిక్కులు (తిప్పితే టిక్కుమని ఆగే చిన్న మెట్లు) అటూ ఇటూ చేసుకుంటే పోటీ అయ్యేదాకా మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. సిలూయెట్‌లో అలా కుదరదు. ఒకే పోటీలో నాలుగు దూరాలు, వెనక సైట్‌కు నాలుగు ఎత్తులు. పొట్టేళ్లయ్యాక మళ్లీ కోళ్ల దగ్గరికి వస్తే మొదట పెట్టిన ఎత్తుకే, వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగి రావాలి. ఎంత సన్నగా కదులుతుందన్నదానికంటే, కదిలింది కదిలినట్టు తిరిగి వస్తుందా లేదా అన్నదాన్ని బట్టే నేను సైట్‌ను బేరీజు వేస్తాను.

ఎంత కదలాలో లెక్క వేసి చూద్దాం. 7 ఎం.ఎం. టి.సి.యు. అనే తూటా ఉంది. .223 రెమింగ్టన్ అనే రైఫిల్ తూటా ఇత్తడి గొట్టం మూతిని ఏడు మిల్లీమీటర్లకు వెడల్పు చేసి వెస్ ఉగాల్డె తయారుచేశాడు, ఈ ఆటలో బాగా పేరు తెచ్చుకుంది. పిస్టల్ నుంచి సెకనుకు సుమారు 600 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. 50 మీటర్లు వెళ్లేసరికి మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 200 మీటర్లకు అరవై సెంటీమీటర్ల దాకా దిగుతుంది. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం 250 మిల్లీమీటర్లు అనుకుంటే, కోడి నుంచి పొట్టేలుకు వెళ్లడానికి వెనక సైట్ ఎంత పైకి లేవాలో తెలుసా? సుమారు అర మిల్లీమీటరు! సెకనుకు 400 మీటర్లతో నెమ్మదిగా వెళ్లే బరువైన తూటా అయితే ఒక మిల్లీమీటరు దాటుతుంది. ఆ అర మిల్లీమీటరులోనే పందికీ టర్కీకీ కూడా చోటు దొరకాలి.

ఇప్పుడు ఆ సైట్‌లో మిల్లీమీటరులో పదో వంతు వదులు ఉందనుకోండి. కంటికి కనపడదు, వేలితో ఊపితే కూడా సరిగ్గా తెలియదు. 50 మీటర్లలో దాని ప్రభావం రెండు సెంటీమీటర్లు. కోడి ఎలాగూ పడుతుంది. 200 మీటర్లకు వెళ్లేసరికి అదే వదులు ఎనిమిది సెంటీమీటర్లవుతుంది. వీపుకు తగలాల్సింది గాల్లోకి పోతుంది, పొట్టకు తగలాల్సింది కాళ్ల సందులోంచి వెళ్లి మట్టికట్టకు కొట్టుకుంటుంది. ఇంతా చేసి షూటరు తూటాను తిట్టుకుంటాడు, మందు పాళ్లు మారుస్తాడు, కొత్త బ్యారెల్ కొంటాడు. దగ్గర దూరంలో బాగానే పనిచేసిన సైట్ మీద ఎవరికీ అనుమానం రాదు. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

వదులు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. వెనక సైట్‌ను చేతిలోకి తీసుకుంటే ముందు చివర ఒక పిన్ను ఉంటుంది, పలక దాని మీద తలుపులా పైకీ కిందికీ ఆడుతుంది. కింద ఒక చిన్న స్ప్రింగు పలకను పైకి నెడుతుంటుంది. పైనుంచి ఒక స్క్రూ దాన్ని కిందికి అదిమి పెడుతుంది. స్క్రూ వదిలితే పలక లేస్తుంది, బిగిస్తే దిగుతుంది. బిగించేటప్పుడు పలకను దించేది స్క్రూయే కాబట్టి అనుమానం లేదు. వదిలేటప్పుడు మాత్రం లేపాల్సిన పని స్ప్రింగుది. స్ప్రింగు నీరసించినా, పిన్ను దగ్గర మసి పేరుకున్నా పలక సగంలో ఆగుతుంది. మనం క్లిక్కులు లెక్కపెట్టుకుని పైకి వచ్చామనుకుంటాం. మొదటి తూటా పేలిన అదురుకు అది మిగతా దూరం లేస్తుంది, రెండో తూటా వేరే చోట తగులుతుంది.

పాత రేడియోలు తిప్పినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. వివిధ భారతి కోసం ముల్లును ఎడమనుంచి తెస్తే ఒక చోట, కుడినుంచి తెస్తే ఇంకో చోట పలికేది. అందుకని ఎప్పుడూ ఒకే వైపునుంచి రండి. నేను పైకి వెళ్లాల్సినప్పుడు నాలుగు క్లిక్కులు ఎక్కువ లేపి, ఆ నాలుగూ మళ్లీ దించుతాను. చివరి కదలిక ఎప్పుడూ స్ప్రింగును అదిమే దిశలోనే ఉంటుంది. పొట్టేలు నుంచి కోడికి దిగేటప్పుడు ఎలాగూ ఆ దిశే. ఇదంతా తుపాకి తెరిచి, తూటా పెట్టే గది ఖాళీగా ఉన్నప్పుడే చేయాలని వేరే చెప్పక్కర్లేదు కదా. ఏ దూరానికి ఎన్ని క్లిక్కులో కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండు నిమిషాల గంట మోగాక జ్ఞాపకశక్తిని నమ్ముకోవద్దు.

ఇక పిస్టల్ సంగతి. థాంప్సన్ సెంటర్ కంటెండర్ 1967లో వచ్చింది, వారెన్ సెంటర్ రూపొందించాడు. మధ్యకు విరిచి ఒక్క తూటా పెట్టే పిస్టల్. బ్యారెల్ విప్పి ఇంకో బ్యారెల్ తగిలించుకోవచ్చు. చిన్న .22 తూటా అయినా పెద్ద .30-30 తూటా అయినా అదే పిడి, అదే ట్రిగ్గర్. నేను దాన్ని ఇష్టపడటానికి అసలు కారణం వేరే ఉంది. దాని ముందు సైటూ వెనక సైటూ రెండూ బ్యారెల్ మీదే ఉంటాయి. బ్యారెల్ విప్పి సంచిలో పెట్టి, నెల తరవాత మళ్లీ తగిలించినా ఆ రెండింటి సంబంధం చెడదు. అయితే ఒక జాగ్రత్త తప్పదు. పది అంగుళాల బ్యారెల్ మీద ఒక క్లిక్కు విలువ, పధ్నాలుగు అంగుళాల బ్యారెల్ మీద ఒక క్లిక్కు విలువ ఒకటి కావు. సైట్ల మధ్య దూరం పెరిగితే అదే క్లిక్కుకు తూటా తక్కువ జరుగుతుంది. కాబట్టి ప్రతి బ్యారెల్‌కూ వేరే కాగితం ఉండాలి.

సైట్ల మధ్య దూరం పెరిగితే గురిలో జరిగే పొరపాటు కూడా అదే లెక్కన తగ్గుతుంది. ఇందాకటి పదో వంతు మిల్లీమీటరు తేడా 15 అంగుళాల దూరం మీద అయితే 200 మీటర్ల దగ్గర ఎనిమిది సెంటీమీటర్లకు బదులు ఐదు సెంటీమీటర్ల చిల్లరే అవుతుంది. అందుకే నియమాల్లో దానికి హద్దు పెట్టారు. ఫ్యాక్టరీలో తయారైనట్టే ఉండే పిస్టళ్లకు పెట్టిన ప్రొడక్షన్ తరగతిలో బ్యారెల్ పదిముప్పావు అంగుళాలు, బరువు నాలుగు పౌండ్లు దాటకూడదు. అన్‌లిమిటెడ్ అనే పేరున్నా దానికీ 15 అంగుళాల హద్దుంది. ఆ తరగతిలో రెమింగ్టన్ ఎక్స్‌పీ-100 లాంటి, రైఫిల్‌లా గడియ వెనక్కి లాగి తూటా పెట్టే బోల్ట్ పిస్టళ్లు కనిపిస్తాయి. టెలిస్కోపు పెట్టుకునే వీలున్న తరగతి కూడా తరవాత వచ్చింది. కావాలంటే అందులో ఆడండి, నాకేమీ అభ్యంతరం లేదు. నా మనసు మాత్రం ఇనప సైట్ల దగ్గరే ఉంది. పొట్టేలును అద్దంలో పెద్దది చేసుకోకుండా, 200 మీటర్ల అవతల ఉన్నది ఉన్నట్టు చూసి పడగొట్టడంలో ఉన్న తృప్తి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ముందు సైట్ గురించి కొంచెం. కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. వెనక సైట్‌లోని గాడి, ముందు సైట్‌లో నిలువుగా ఉండే పోస్టు, అవతలి బొమ్మ, ఈ మూడింటిలో స్పష్టంగా కనపడాల్సింది ముందు పోస్టు. బొమ్మ మసగ్గా ఉన్నా ఫరవాలేదు. ఈ ఆటలో చాలామంది క్రీడ్‌మూర్ పద్ధతిలో వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పైకి మడిచి, పిస్టల్‌ను కాలి పక్కన ఆనించి కాలుస్తారు. చేయి బారుగా చాపి ఉంటుంది కాబట్టి వెనక గాడి కంటికి దూరమై కొంత తేటగా కనిపిస్తుంది. నలభై దాటినవాళ్లకు ఇది నిజంగా వరం. కళ్లద్దాల మీద చిన్న రంధ్రమున్న బిళ్ల అంటించుకుంటే ఇంకా మేలు.

పోస్టు మీద ఎండ పడి ఒక అంచు మెరిస్తే కన్ను మోసపోతుంది, తూటా పక్కకు జరుగుతుంది. దానికి రెండు మందులున్నాయి. ఒకటి పోస్టు మీద గొట్టంలాంటి గొడుగు, రెండోది మసి. పాతకాలం షూటర్లు ఇప్పటికీ కార్బైడ్ దీపం వెలిగించి దాని పొగను సైట్‌కు పట్టిస్తారు. చిన్నప్పుడు రాత్రి సంతల్లో ఆ దీపాలు చూసినవాళ్లు వాసనతోనే గుర్తుపడతారు. అంత నిగారింపులేని నలుపు డబ్బాలో వచ్చే రంగులకు రాదని నా నమ్మకం.

నల్లటి పోస్టును నల్లటి బొమ్మ నడిమధ్యన పెడితే ఎక్కడుందో తెలియదు. నేను నాలుగు జంతువులకూ పొట్ట గీతనే పట్టుకుంటాను. పొట్ట కింద వెలుతురు ఉంటుంది కాబట్టి పోస్టు కొన స్పష్టంగా తెలుస్తుంది. తూటా అక్కడికి ఎంత పైన తగలాలో ఆ తేడాను సైట్ ఎత్తులోనే కలిపేసుకుంటాను. గురి ఒకటే, మారేది సైట్. ఇక గాలి విషయంలో నాది మొండి పట్టు. పక్కలకు తిప్పే స్క్రూను పోటీ మధ్యలో ముట్టుకోను. గాలి నిమిషానికో తీరుగా మారుతుంది, దాని వెంట స్క్రూ తిప్పుతూ పోతే మొదటి చోటు పోగొట్టుకుంటాం. పక్కన టెలిస్కోపుతో చూసే స్పాటర్ "ఎడమకు పోతోంది" అంటే పోస్టునే ఆ మేర జరుపుతాను.

చివరిగా మీ సైట్ మాట వింటుందో లేదో తేల్చే పరీక్ష ఒకటి చెబుతాను. 50 మీటర్లలో పెద్ద కాగితం పెట్టండి. మధ్యలో ఒకే నల్ల చుక్క, గురి ఎప్పుడూ దాని మీదే. మొదట ఒక గ్రూపు, అంటే ఒకే గురితో వరసగా కొన్ని తూటాలు కాల్చండి. ఇరవై క్లిక్కులు పైకి లేపి ఒక గ్రూపు, ఇరవై కుడికి తిప్పి ఒకటి, ఇరవై దించి ఒకటి, ఇరవై ఎడమకు తెచ్చి ఇంకొకటి. ప్రతిసారీ చివరి కదలిక బిగించే దిశలోనే రావాలి. కాగితం మీద చతురస్రం ఏర్పడాలి, ఐదో గ్రూపు మొదటి గ్రూపు మీదే పడాలి. పడలేదంటే మొదట వెనక సైట్‌ను బ్యారెల్‌కు పట్టిన స్క్రూలు చూడండి, ఈ తూటాల అదురుకు అవి వదులవుతాయి. అవి బిగువుగానే ఉంటే పిన్ను విప్పి శుభ్రం చేసి, స్ప్రింగు మార్చి మళ్లీ కాల్చండి. అప్పటికీ గ్రూపు పక్కకే పడుతుంటే ఆ సైట్‌ను తీసి పక్కన పెట్టేయండి, బ్యారెల్ ఎంత మంచిదైనా సరే.

పిస్టళ్లు తెచ్చినవాళ్లు తెరిచి, ఖాళీగా ఉన్నట్టు చూపించి ఈ బల్ల మీద పెట్టండి. ఒక్కొక్కరి వెనక సైట్ కలిసి చూద్దాం. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.